బండిపట్టా నుండి కుర్చీ టైరు వరకు

గడచిన దసరా వెళ్లిన పిమ్మట మా కేంద్రమునకు కోదాడ నుండి ఒక జాబు వచ్చినది. వ్రాసినవాడు కళాశాలలో చదువుకొను ఒక బాలుడు. అతని మేనత్తకు పసితనమున పోలియో సోకి రెండు కాళ్లును చచ్చుపడినవి. ఆమె బజారులో ఒక చిన్న గది అద్దెకు తీసికొని, చేతితో త్రిప్పు కుట్టుమిషను మీద పనిచేసి జీవించుచున్నది. ఇంటి నుండి ఆ గదికి చక్రాల కుర్చీలో పోయి వచ్చును. ఆ కుర్చీ కుడిచక్రపు రబ్బరు టైరు ఒకనాడు ఊడిపోయినది. ఇంటివారు బంక పూసి అంటించిరి, నిలువలేదు. ఇనుప తీగ చుట్టి బిగించిరి. ఆ తీగ ఆమె అరచేతిని కోసినది. నాటి నుండి కుర్చీ గోడకు చేరగిలియున్నది, ఆమె ఇంటియందే యున్నది. రేడియోలో ఇన్ని సంగతులు చెప్పువారు ఈ టైరు ఎక్కించు విధము చెప్పలేరా యని ఆ బాలుడు అడిగినాడు.

మేము యంత్రవిద్య నేర్చినవారము కాము. మాకు తెలిసినది కొంత చరిత్ర. అయినను ఆ జాబును ప్రక్కన పెట్టుటకు మనసొప్పలేదు. చక్రమునకు కట్టు కట్టుట యనునది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములకు క్రొత్త విద్య కాదు. ఈ నేల మీద ఆ విద్య ఎట్లు నడచినది, ఏచోట తెగినది అని విచారించినచో ఆ బాలుని ప్రశ్నకు సమాధానము దొరకవచ్చునని మాకు తోచినది.

చక్రమును తలచుకొనగానే ఈ జిల్లాలోని ఫణిగిరి జ్ఞప్తికి వచ్చును. నేటి సూర్యాపేట జిల్లాలో, ఒక కొండ మీద ఉన్న బౌద్ధక్షేత్రమది. క్రీస్తు శకము మూడవ, నాల్గవ శతాబ్దుల నాటి శాసన మొకటి అక్కడ లభించినది. ఇక్ష్వాకు రాజులలో కడపటివారిలో ఒకడగు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరమున, ఆ రాజుగారి ప్రధాన వైద్యుడు అచట ఒక ధర్మచక్రమును ప్రతిష్ఠించినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. వైద్యుడు చక్రమును నిలిపిన చోటు మన ముంగిటనే కలదు. ఆ చక్రము పూజకొరకు నిలిపినది. ఎవరిని మోయుటకును కాదు. కాని నడువలేని మనిషికి చక్రము నిచ్చుట నేడు వైద్యములో ఒక భాగమైనది గనుక ఈ సంగతి ముందుగా చెప్పినాము.

ఇక మోయు చక్రముల మాట. గోలకొండ నుండి మచిలీపట్టణపు రేవునకు పోవు మార్గములు పూర్వము ఈ సీమగుండనే పోయెడివి. తరువాతి కాలమున హైదరాబాదు నుండి బెజవాడకు పోవు రాచబాట సూర్యాపేట, కోదాడల మీదుగా స్థిరపడినది. చాలకాలము 9వ నంబరు జాతీయ రహదారియని పిలువబడిన ఆ బాటయే నేడు 65వ నంబరు రహదారి. మిర్యాలగూడ ఆ బాటకు దక్షిణముగా నున్నది. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిన మీదట, ఎడమ కాలువ క్రింద వరి విస్తరించి మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైనది. లారీలు రాక పూర్వము బాట మీదను పొలము మీదను బరువు మోసినది ఎద్దుబండియే.

ఎద్దుబండి చక్రము ఇద్దరి చేతిపని. నడుమ కుండ, దాని నుండి వెలువడు ఆకులు, ఆకుల చివరలను కలుపు వంపు కొయ్యలు, ఇవి వడ్రంగి చేయవలసినవి. ఆ కొయ్యల చుట్టును ఇనుప పట్టా వేయుట కమ్మరి వంతు. తెలుగువారు చెట్టు ఆకునకును చక్రపు ఆకునకును ఒకే మాట వాడుట గమనింపదగినది. వేదవాఙ్మయమున చక్రపు అంచునకు నేమి యనియు, దాని మీది కట్టునకు పవి యనియు పేళ్లు కలవు. అనగా కట్టు లేని చక్రము నిలువదని మన పూర్వులు బహుకాలము క్రిందటనే ఎరుగుదురు.

పట్టా వేయు విధము చూచినవారు నేటికిని ఈ పల్లెలలో ఉన్నారు. కమ్మరి ముందుగా త్రాడుతో చక్రపు చుట్టుకొలత తీయును. ఇనుప పట్టీని వంచి, రెండు కొసలు అతికి, చక్రముకంటె కొంచెము చిన్నదిగా వలయము చేయును. చిన్నదిగా చేయుటలోనే కిటుకంతయు ఉన్నది. వలయమును నేల మీద పరచి, పిడకలు పేర్చి నిప్పంటించును. ఇనుము ఎఱ్ఱబారిన పిమ్మట నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రము మీద దించి, సుత్తెలతో కొట్టి సరిచేసి, వెంటనే నీరు పోయుదురు. కొయ్య పొగలు గ్రక్కును, ఆవిరి బుస్సుమనును, కీళ్లన్నియు బిగిసికొనును. అయిదడుగుల అడ్డుకొలత గల చక్రపు పట్టా 400 డిగ్రీల సెంటిగ్రేడు మేర వేడెక్కినచో, దాని చుట్టుకొలత సుమారు 2 సెంటీమీటర్లకు పైగా పెరుగును. చల్లబడినప్పుడు తిరిగి ముడుచుకొని కొయ్యను బిగించి పట్టుకొనును. అందు మేకులకంటె ఈ బిగువే ముఖ్యము. వేసవిలో కొయ్య ఎండి పట్టా వదులైనప్పుడు రైతులు చక్రములను చెరువులో నాననిచ్చెడివారు.

ఇనుప పట్టా బండికి చాలును, మనిషికి చాలదు. అది రాతి బాట మీద మ్రోగును, ప్రతి గుంటను ఎముకలకు తెలియజేయును. ఈ బాధను తీర్చినది రబ్బరు. పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి పెళుసగును. అమెరికాకు చెందిన చార్లెస్ గుడియర్ 1839లో గంధకము కలిపి వేడిచేసినచో రబ్బరు ఈ రెండు దోషములను పోగొట్టుకొనునని కనుగొనెను. 1845లో రాబర్ట్ థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు గాలి నింపిన చక్రపు కట్టునకు హక్కుపత్రము పొందెను గాని లోకము దానిని మరచిపోయినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్ మరల దానినే కనిపెట్టెను. తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపులు మాన్పుటకై ఆయన ఆ పని చేసెను. డన్‌లప్ టైరు ఒక బిడ్డ సుఖము కోరి పుట్టినదన్న మాట.

రబ్బరునకు ఇనుముతో పోలిక లేని గుణ మొకటి కలదు. సాగదీసి పట్టిన రబ్బరును వేడిచేసినచో అది పెరుగుటకు బదులు ముడుచుకొనును. దీనిని 1805లో ప్రకటించినవాడు ఇంగ్లండులోని కెండల్ పట్టణమునకు చెందిన జాన్ గాఫ్. ఆయన పసితనమున మశూచి వలన చూపు కోల్పోయినవాడు. రబ్బరు పట్టీని సాగదీసి పెదవులకు తాకించి, అది వెచ్చనగుటను స్పర్శచేతనే తెలిసికొనెను. కన్నులున్నవారు చూడని దానిని కన్నులు లేని ఆయన గ్రహించెను. కనుక కమ్మరి పిడకల మంట రబ్బరు టైరునకు పనికిరాదు. దీని విధము వేరు.

చక్రాల కుర్చీ చరిత్రలో కూడ ఇట్టివారే ముందు నిలిచిరి. 1655లో జర్మనీ దేశపు నూరెంబర్గు ప్రాంతమున స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అను గడియారముల పనివాడు, తాను నడువలేనివాడగుటచే, చేతితో త్రిప్పు మూడుచక్రముల బండిని తనకై తానే చేసికొనెను. నేడు మన వీధులలో కనబడు చేతి ట్రైసికిలునకు అది తాతవంటిది. 1918లో గని ప్రమాదమున నడుము విరిగిన హెర్బర్ట్ ఎవరెస్టు అను అమెరికా ఇంజనీరు, హ్యారీ జెన్నింగ్సు అను మిత్రునితో కలిసి, 1933లో మడచి కారులో పెట్టదగిన ఉక్కుగొట్టముల కుర్చీని తయారుచేసెను. నేడు మనము చూచు కుర్చీలలో అధికభాగము ఆ కుర్చీ సంతతియే. పెద్ద చక్రములు వెనుక, చిన్న చక్రములు ముందు, అన్నిటి మీదను రబ్బరు.

మన దేశమున 1936లో బెంగాలులోని హుగ్లీ తీరమున సాహాగంజ్‌లో డన్‌లప్ కర్మాగారము వెలసినది. గాలి టైర్లు వేసిన ఎద్దుబండికి మనవారు డన్‌లప్ బండి యనియే పేరు పెట్టిరి. ఆ బండి వచ్చినచోట వడ్రంగి, కమ్మరుల ఆకుల చక్రము మూలబడినది. సైకిలు వచ్చినచోట సైకిలు షాపు వెలసినది. పట్టా వేయు విద్య కొలిమి నుండి సైకిలు షాపునకు మారినదని చెప్పవచ్చును. పాత సైకిలు టైరును కర్రతో దొర్లించుచు వీధి వెంట పరుగెత్తని పిల్లవాడు ఈ మూడు పట్టణములలో ఒకప్పుడు లేడు.

చక్రాల కుర్చీ మాత్రము సామాన్యుల ఇండ్లకు ఆలస్యముగా వచ్చినది. 1972లో కాన్పూరున కృత్రిమ అవయవముల తయారీకై ప్రభుత్వసంస్థ యేర్పడినది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల సంవత్సరముగా ప్రకటించిన 1981లోనే, ఉపకరణములను ఉచితముగనో తగ్గింపు ధరకో ఇచ్చు కేంద్రప్రభుత్వ పథకము మొదలైనది. వికలాంగుల హక్కులకై 1995లో ఒక చట్టమును, దాని స్థానమున 2016లో మరింత విస్తృతమైన చట్టమును వచ్చినవి. శిబిరములలో కుర్చీలు పంచుట ఈ విధముగా అలవాటైనది.

ఈ ప్రాంతమునకు కుర్చీల అవసరము తక్కువ కాదు. పోలియో మన దేశమున కడపటిసారిగా 2011 జనవరి 13న కనబడినది. 2014 మార్చి 27న దేశము పోలియోరహితమని ధ్రువపరచబడినది. కాని అంతకుముందు ఆ రోగము సోకిన పిల్లలు నేడు నడివయస్కులు. రహదారి ప్రమాదములలో వెన్ను విరిగినవారు మరికొందరు. ఇక నల్లగొండ పేరు చెప్పినంతనే తలపునకు వచ్చునది ఫ్లోరోసిస్. తెలుగుసీమలో ఈ వ్యాధిని నెల్లూరు జిల్లాలో గుర్తించి వైద్యులు 1937లో ప్రకటించిరి. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మాట. అంతకు చాల మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతపు పల్లెలలో ఎముకలు బిగుసుకొని, వెన్ను వంగి, బాల్యముననే నడక పోగొట్టుకొన్నవారు కలరు. పటిక, సున్నము వేసి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరిడిరి. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలములు ఇంటింటికి చేరుటచే క్రొత్త తరమునకు ఆ భయము తగ్గినది. కాని ఒకసారి వంగిన ఎముకను నీరు సరిచేయలేదు. వారికి చక్రమే కాలు.

కాలు ఇచ్చినవారు టైరును గూర్చి ఆలోచింపలేదు. చిక్కు ఇచటనే యున్నది. ఆ బాలుడు మిర్యాలగూడలో చదువుకొనుచున్నాడు. మా మాట మీద అక్కడి సైకిలు షాపులో 24 అంగుళముల టైరు కొని, హుజూర్‌నగర్ మీదుగా బస్సులో కోదాడకు తెచ్చినాడు. కుర్చీ చక్రము కూడ 24 అంగుళములదే. అయినను ఎంత లాగినను టైరు ఎక్కలేదు. తప్పు మాది. అంగుళములు చెప్పి ఊరకుంటిమి; అసలు కొలత అడుగలేదు.

తరువాత కుర్చీ చక్రమును విప్పించి సూర్యాపేటలో ఒక ముసలి సైకిలు పనివాని యొద్దకు తీసికొనిపోతిమి. ఆయన తండ్రి కొలిమి పెట్టినవాడట. టైరును, చక్రమును చేతబట్టి చూచి, "ఇది పిల్లల సైకిలుది బాబూ. పేరు ఒక్కటే గాని కొలత వేరే ఉంటది" అని ఆయన నవ్వినాడు. టైరు ప్రక్కన చిన్న అక్షరములలో రెండు అంకెలుండును. మొదటిది వెడల్పు, రెండవది టైరు కూర్చుండు అంచు అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. పిల్లల 24 అంగుళముల సైకిలు టైరు మీద సాధారణముగా 507 అని యుండును. ఆ కుర్చీ టైరు మీద ఉండవలసినది 540. భేదము 33 మిల్లీమీటర్లే గాని చుట్టుకొలతలో అది 10 సెంటీమీటర్లకు పైబడును. అంత లోటును ఏ బలము చేతను పూరింపలేము. పెద్దల 28 అంగుళముల సైకిలు టైరు 635. అది వదులై జారిపోవును. సరియైన టైరు హైదరాబాదు నుండి తెప్పింపవలసి వచ్చినది. గాలి నింపనక్కరలేని గట్టి రబ్బరు టైరు అది.

ఆ పెద్దాయన దానిని ఎక్కించిన విధము శ్రోతలు తెలిసికొనదగినది. ముందుగా చక్రపు గాడిలోని త్రుప్పును, పాతబంకను గీకి, పైకి పొడుచుకొనివచ్చిన ఆకు కొసలేవైన ఉన్నవేమోనని వ్రేలితో తడవిచూచినాడు. టైరును చేయి పెట్టగలిగినంత వేడినీటిలో పావుగంట నాననిచ్చినాడు. వేడినీటిచే గట్టి రబ్బరు మెత్తబడును. నిప్పు సెగ మాత్రము చూపరాదు. గాడికి సబ్బునీరు పూసినాడు. నూనె పూయవలదని మరి మరి చెప్పినాడు, నూనె రబ్బరును చెరచును. టైరును ఒకచోట గాడిలో కూర్చుండబెట్టి, అది కదలకుండ గుడ్డపేలికతో చక్రమునకు కట్టినాడు. అటనుండి కుడివైపు ఆయన, ఎడమవైపు ఆ బాలుడు సమముగా లోనికి నొక్కుచు పోయిరి. కడపట జానెడు మాత్రము మిగిలినది. అదే కష్టమైన భాగము. వాడిగల పనిముట్టుతో ఎత్తినచో రబ్బరు చీలును. మొండి అంచు గల రెండు రేకులను క్రిందికి దూర్చి, ఒక్కమారుగ ఎత్తి లోనికి పడవేసినాడు. కొయ్యసుత్తితో చుట్టును తట్టి, చక్రమును త్రిప్పి, టైరు నడుమ గీత వంకర పోలేదని చూచుకొన్నాడు. వంకర పోయిన టైరు మెలిపడియున్నదని అర్థము. అది మరల ఊడును.

ఇచటను కిటుకు పాతదే. చక్రముకంటె కట్టు కొంచెము చిన్నదిగా నుండవలెను. తండ్రి ఇనుమును నిప్పుతో పెద్దది చేసి వేసెను; కుమారుడు రబ్బరును చేతులతో సాగదీసి వేసెను. తరువాత అది తనంతట తానే బిగించి పట్టుకొనును. బంకకు అక్కడ పని లేదు. బంక కావలసివచ్చినదనగా కొలత తప్పినదనియే తెలిసికొనవలెను.

ఆయన మరి రెండు మాటలు చెప్పినాడు. రెండు పెద్ద చక్రముల టైర్లను ఒకేసారి మార్చవలెను. ఒకటి అరిగి ఒకటి క్రొత్తదైనచో కుర్చీ ఒక ప్రక్కకు లాగును. టైరు మార్చిన వెంటనే బ్రేకును సరిచూడవలెను. కుర్చీ బ్రేకు టైరునకు అదుముకొని చక్రమును ఆపును. టైరు అరిగినకొలది ఆ పట్టు సడలును. మంచము మీది నుండి కుర్చీలోనికి మారు సమయమున కుర్చీ వెనుకకు జారినచో మనిషి నేలబడును. నడువగల వానికి అది చిన్నదెబ్బ. ఎముకలు పెళుసైనవానికి అది ప్రాణాపాయము కావచ్చును. కనుక ఊడిన టైరును గూర్చి అడిగిన ఆ బాలుని ప్రశ్న చిన్నది కాదు.

పనికి కూలి ఎంతయని అడిగితిమి. సైకిలు చక్రమునకు తీసికొనునంతయే తీసికొన్నాడు. ఇట్టి కుర్చీలు మీ యొద్దకు తరచు వచ్చునా యని అడుగగా, రావనియు, ఈ పని తమకు వచ్చునని ఎవరికిని తెలియదనియు చెప్పినాడు. ఆ షాపులో పని నేర్చుకొను కుర్రవాడు ఒక్కడును లేడు. మోటారు సైకిళ్లు పెరిగిన తరువాత ఆ వీధిలోని సైకిలు షాపులు ఒకటొకటిగా మూతబడినవట. కొలిమి పోయినప్పుడు సైకిలు షాపు ఉండెను. సైకిలు షాపు కూడ పోయినచో ఈ విద్య ఎవరి చేతిలోనికి పోవునో ఆలోచింపవలసియున్నది.

శిబిరమున కుర్చీలు పంచునాడు పెద్దలు వత్తురు, దండలు వేయుదురు, ఛాయాచిత్రములు తీయుదురు. అది మంచిదే. ఆ కుర్చీతో కూడ దాని టైరు కొలత వ్రాసిన ఒక కాగితమును, మారు టైర్ల జత ఒకటియు, ఆ ఊరిలో బాగుచేయగల పనివాని చిరునామాయు ఇచ్చినచో ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది. ఐటిఐలలో చదువుకొను పిల్లలకు ఈ పని ఒక్క పూటలో నేర్పవచ్చును. ఇంటిలో చక్రాల కుర్చీ ఉన్న శ్రోతలు నేడే దాని టైరు ప్రక్కనున్న అంకెలు చూచి గోడ మీదనో క్యాలెండరు మీదనో వ్రాసికొందురుగాక. అరిగిన పిమ్మట ఆ అంకెలు చెరిగిపోవును. అప్పుడు వెదకిన దొరకవు.

కోదాడ నుండి మొన్న రెండవ జాబు వచ్చినది. ఈసారి వ్రాసినది ఆ మేనత్తగారే. ఎడమచక్రపు టైరును కూడ మార్పించుకొన్నారట. కుట్టుపని గదికి ప్రతిదినమును పోవుచున్నారట. సంక్రాంతికి కుట్టవలసిన రవికెలు చాల పేరుకొనియున్నవి గనుక ఉత్తరము ఇంతటితో ముగించుచున్నానని వ్రాసినారు.